గోడకన్న గాజా, కిటికీయా? (హార్డ్‌విక్ హాల్ మీది మాట)

నాటింగ్‌హామ్ వాసి: ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని పాత భవంతి హార్డ్‌విక్ హాల్ గురించి ఇక్కడ అందరి నోటా ఉన్న మాట "హార్డ్‌విక్ హాల్, మోర్ గ్లాస్ దాన్ వాల్". నాకేమో ఎక్కడో "మోర్ విండో దాన్ వాల్" అని విన్నట్టు గుర్తు. వెతికితే రెండూ కనిపిస్తున్నాయి. అసలు మాట ఏదై ఉంటుంది? తెలుగులో నాకు తోచింది: "గోడకన్న గాజు మిన్న".

యతిమతి: మీ దాంట్లో నాలుగే సూర్యగణాలున్నాయి (గోడ, కన్న, గాజు, మిన్న), కావలసినవి ఐదు. ముందు ఒకటి తగిలిస్తే ఆటవెలది రెండో పాదం అయిపోతుంది: "కనగ గోడకన్న గాజు మిన్న". క, గా యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) చక్కగా కుదిరింది. అక్కడ "కిటికి" పెట్టారో, క-కి అచ్చు కలవక యతి చెడుతుంది. కాబట్టి గ్లాసే.

పిల్లకాకి: తెలుగులో యతి కుదరలేదని ఇంగ్లిషు సామెత మారిపోతుందా మాస్టారూ? ఆ లెక్కన ఇదీ కుదురుతుంది: "గిరిని గోడకన్న కిటికి మిన్న". ఆ ఇల్లున్నది గుట్ట మీదే, ఎం1 రహదారి మీద పోతుంటే కనిపిస్తుంది.

యతిమతి: "గిరిని" అనగానే ద్వితీయా విభక్తి అనుకుంటారు. గిరిని ఏం చేసింది, మింగిందా?

పిల్లకాకి: సప్తమికి వాడిన కవులు లేరా?

యతిమతి: ఉన్నారు. వాళ్లు కవులు.

వేమన వీరాభిమాని: ఇద్దరూ యతి దగ్గరే ఆగిపోయారు. అసలు తప్పు "మిన్న"లో ఉంది. మిన్న అనగానే ముందు తోచేది మేలైనదని, ఎక్కువని కాదు. "మోర్" అన్నది కొలత. గాజు గోడకన్నా గొప్పదని ఎవరన్నారు? పైగా ఆటవెలదికి ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలపడం) ఉండగా ఈ తంటా ఎందుకు? "చూడ చూడ రుచుల జాడ వేరు"లో వేమన చేసింది అదే కదా, చూడకి జాడ. ఆ దారినే: "చూడ గాజు ముందు గోడ చిన్న". చూడ, గోడ. కొలతా వచ్చింది, నవ్వూ వచ్చింది. వేమన దగ్గర ఒక్క అక్షరం కూడా ఊరికే కూర్చోదు.

పిల్లకాకి: "చూడ కిటికి ముందు గోడ చిన్న" కూడా అంతే బాగా కుదురుతుంది అన్నయ్యా. కిటికి నగణమే (మూడు లఘువులు), అదీ సూర్యగణమే. ఏం తేల్చినట్టు?

వేమన వీరాభిమాని: వేమన గొప్పతనం తేల్చాను, చాలదా?

సున్నపుబట్టీ: ఛందస్సు పక్కన పెట్టి కట్టడం చూడండి. బయట నుంచి కిటికీల్లా కనిపించే వాటిలో కొన్ని ఉత్తుత్తివి, వెనక పొగగొట్టమో గోడో ఉంటుంది. ముందు వైపు అంతా సమంగా ఉండాలని వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్సన్ పన్నిన ఉపాయం. అంటే అక్కడ గాజుంది, కిటికీ లేదు. తీసి చూసే వీలు లేనిదాన్ని కిటికీ అనడానికి నాకు మనసొప్పదు. గ్లాసే సరి. పైగా ఆ రోజుల్లో డబ్బు కనబడేది గాజులోనే. కట్టించిన బెస్, అదే ష్రూస్‌బరీ కౌంటెస్, తన సొంత గాజు బట్టీ నుంచే తెప్పించుకుంది. 1590లో మొదలుపెట్టి 1597లో కాపురానికి వచ్చింది.

నాటింగ్‌హామ్ వాసి: పెద్ద పలకలు కాదు, సీసపు పట్టీల్లో బిగించిన చిన్న చిన్న ముక్కలు. దగ్గరికి వెళ్తే ఒక్కోటి ఒక్కో వాలులో ఉండి, ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అంతస్తు పెరిగే కొద్దీ కిటికీలూ పొడుగవుతాయి. కింద పనివాళ్లకి పొట్టివి, రెండో అంతస్తులో దర్బారు గదులకి అన్నిటికన్నా పొడుగువి. బురుజుల మీద బెస్ పొడి అక్షరాలు ఈఎస్ (ఎలిజబెత్ ష్రూస్‌బరీ), ఆకాశం కనబడేలా రాతిలో చెక్కినవి.

సున్నపుబట్టీ: ఇలాంటి ఇళ్ల మీదే ఫ్రాన్సిస్ బేకన్ 1625లో విసుక్కున్నాడు, ఎండకీ చలికీ ఎక్కడికి పోవాలో తెలియనంత గాజు అని. పేరు చెప్పలేదు గానీ ఆయన వాడిన మాట గ్లాసే. ఇంకేం కావాలి?

పిల్లకాకి: బేకన్ సామెత చెప్పలేదు బాబాయ్, వ్యాసం రాశాడు. నా అనుమానం వేరు. 1696లో కిటికీల పన్ను వచ్చింది, 1851 దాకా ఉంది. ఆ కాలమంతా జనం కిటికీలు లెక్కపెట్టి అబ్బురపడి ఉంటారు. "విండో" పాఠం అప్పటిదనిపిస్తుంది. ఆధారం అడక్కండి.

సున్నపుబట్టీ: అడుగుతాను.

వేమన వీరాభిమాని: ఇప్పుడు ఆ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్టు వాళ్లు ఆ గాజుకంతా తెరలు దించి ఉంచుతారట, వెలుగుకి పాత నేతబొమ్మలు వెలిసిపోతాయని. వాటిలో బైబిల్ వీరుడు గిడియన్ కథ నేసిన పదమూడింటిని బాగు చేయడానికే 24 ఏళ్లు పట్టింది, 2023లో ముగిసింది. అన్నట్టు బెస్ వాటిని కొన్నది రాణి కొలువులో పెద్ద పదవి చేసిన హాటన్ వారసుల దగ్గర. వాళ్ల చిహ్నం మీద తన చిహ్నం వేయించుకోవాలి కాబట్టి ధరలో ఐదు పౌండ్లు తగ్గించుకుంది. వేమన ఉంటే ఆమె మీద ఆటవెలది చెప్పేవాడు.

యతిమతి: చెప్పేవాడు. కానీ ఆయన కూడా "గిరిని" అని మొదలుపెట్టేవాడు కాడు.

పిల్లకాకి: మాస్టారూ, "గుట్టపైన" పెడితే?

యతిమతి: గణాలు రెండైపోయాయి, ఇంకేది తీసేస్తారు?