కాటమరాజు పుల్లరి ఎగ్గొట్టాడా, నల్లసిద్ధి మాట తప్పాడా?

పాలేటిగట్టు:
మొన్న మా ఊరి జాతరలో కొమ్ము ఊదుతూ కథ చెప్పే కొమ్మువాళ్ళు మా గొల్లల నాయకుడు కాటమరాజు కథ తెల్లారేదాకా చెప్పారు. కరువుకు మందలు తోలుకుని నెల్లూరు సీమకు పోవడం, పుట్టిన కోడెదూడలు పుల్లరి (మేత పన్ను) కింద ఇస్తామని అక్కడి రాజు నల్లసిద్ధితో ఒప్పందం, రాజు ఉంపుడుగత్తె కుందమాదేవి చిలుకను గొల్లలు చంపితే ఆమె ఆవులను చంపించడం, కాటమరాజు పుల్లరి ఆపేయడం, చివరికి యుద్ధం. నా లెక్కలో తప్పు రాజుదే. ఆవుల్ని చంపించాక ఇంకా పుల్లరేంటి?

కందిరైతు:
మేసిన గడ్డికి కట్టాల్సిందే. చిలుకకీ గడ్డికీ లింకేంటి? మా రెండెకరాల కంది పూత మీదుండగా రాత్రికి రాత్రి మంద పడింది. తెల్లారి చూస్తే మోళ్ళు. చేలో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డికి తోలదామంటే దాని జాగాలో వాటర్ ట్యాంకు కట్టారు. ఎవడిచ్చాడు నాకు కోడెదూడ?

ఛందోబద్ధం:
అసలు పాయింటు వదిలేశారు. నల్లసిద్ధి సేనాని ఖడ్గ తిక్కన ఆ యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే భార్య చానమ్మ ఆడవాళ్ళకు పెట్టినట్టు స్నానానికి పసుపు ముద్ద పెట్టి, మంచం అడ్డం పెట్టింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, పసులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. ఒకే క్రియతో కొడుకు సిగ్గు తీసింది. కంద పద్యంలో ఆ బిగువు చూడండి.

పాలేటిగట్టు:
మాస్టారూ, అది రాజు వైపు పద్యం. అందుకే పుస్తకాలకెక్కింది. మావాళ్ళ వైపుది కొమ్ము ఊదేవాళ్ళ గొంతులో ఉండిపోయింది.

గేదెలబాబు:
పాలు ఊరికే విరగవు. జున్నుపాలు కాచి ఉండాలి.

ఛందోబద్ధం:
జున్నుపాలని పద్యంలో ఎక్కడుంది? చూపించండి.

మాచర్ల_కుర్రోడు:
కందిరైతు అన్నా, 1922లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు కూడా పుల్లరి మీదే పోలీసు తూటాకు పోయాడు. ఆయన్నీ ఎగవేతదారు అంటావా?

కందిరైతు:
అది అడవి. వసూలు చేసింది తెల్లోడు. నా చేను అడవి కాదు, నేను దొరనీ కాదు. పాటలు విని మీకు కళ్ళు చెమరుస్తాయి. అప్పు తెచ్చి విత్తనం వేసినోడి మీద ఒక్క పాటైనా ఉందా?

పాలేటిగట్టు:
మాకు సరదానా? మేతకు చోటు లేక కోసిన జొన్నచేలో తోలితే, పిలకలు మేసి నాలుగావులకు నాము (జొన్న పిలకల విషం) తగిలింది. నోట నురగ, కాళ్ళు కొట్టుకోవడం. పొద్దున ఏడింటికి తోలాం, తొమ్మిదికల్లా రెండు పోయాయి. సరే, ఒకటి అడుగుతా. ఆ రెండెకరాలు మీవాళ్ళు కొన్నారా?

కందిరైతు:
పట్టా ఇచ్చారు. మా తాతకి.

పాలేటిగట్టు:
ఇవ్వకముందు?

కందిరైతు:
బీడు. మేత పోరంబోకు. ఎటు తీసుకెళ్తున్నావో తెలుసు.

పాలేటిగట్టు:
తెలిస్తే చెప్పు. ఎవరి ఆవులు మేసేవి అక్కడ?

కందిరైతు:
మీవే అనుకో. మా తాత అప్పుడు ఒకరింట్లో పాలేరు. చెప్పుల్లేకుండా దున్నాడు, కానీ వేరేవాడి పొలం. మీ మంద తిరగడం కోసం మేం ఇంకో తరం కూలికి పోవాలా? నీకు కాటమరాజు ఉన్నాడు. మా తాత పేరు ఆ పట్టా కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

మాచర్ల_కుర్రోడు:
అన్నా, కూల్.

ఛందోబద్ధం:
జున్నుపాలవాదం ఇంకా తేలలేదు.

గేదెలబాబు:
మాస్టారూ, ఈనిన మూడు రోజుల్లోపు పాలు కాచి చూడండి, తేలుతుంది.

కందిరైతు:
పాలేటిగట్టూ, నాము తగిలినప్పుడు డాక్టరు వచ్చాడా?

పాలేటిగట్టు:
పక్కూరి నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది. మిగతా రెండింటికి విషానికి విరుగుడుగా హైపో సూది వేశాడు. ఒకటి లేచింది. చూలుది.