డల్లాస్‌లోని మన కిరాణా దుకాణం గుమ్మానికి ‘తుపాకులతో లోపలికి రావద్దు’ అనే బోర్డు పెట్టాలా?

దుకాణం_భాగస్వామి:
డల్లాస్ ఉత్తర శివార్లలో మేము ముగ్గురం కలిసి కిరాణా దుకాణం నడుపుతున్నాము. చొక్కా కింద తుపాకీ పెట్టుకొని వచ్చేవారిని వారించే 30.06 బోర్డు (టెక్సాస్ శిక్షాస్మృతిలోని ఆ సెక్షన్ పేరుతో పిలిచేది) పెట్టాలని ఒక భాగస్వామి, అక్కర్లేదని మరొకరు పట్టుబట్టి కూర్చున్నారు. 21 ఏళ్లు నిండి, చట్టపరమైన నిషేధం లేనివారు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకునే వీలును 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్ కల్పించింది కనుక, ఎవరి నడుముకు ఏముందో మాకు తెలిసే మార్గం లేదు. మీ అభిప్రాయం కారణాలతో సహా చెప్పగలరు.

అలెన్_వాసి:
బోర్డు వద్దనే నా అభిప్రాయం. 2023 మే 6న మా ఊరు అలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో హైదరాబాదు నుంచి వచ్చిన యువ ఇంజనీరు, మన అమ్మాయి కూడా ఒకరు. వేరే పని మీద ఆ మాల్‌కు వచ్చిన పోలీసు అధికారి ఒకరు ఉండబట్టి హంతకుణ్ణి కాల్చగలిగారు. లేకపోతే ఏమయ్యేదో ఊహించలేము. ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో ఆయుధాలు నిషేధం. అయినా 2022 జులై 17న కాల్పులు మొదలైన కొద్ది క్షణాల్లోనే దుండగుణ్ణి కూల్చింది చట్టబద్ధంగా పిస్టల్ ధరించి వచ్చిన 22 ఏళ్ల యువకుడే. బోర్డు చదివి తుపాకీని కారులో వదిలి వచ్చేది మంచివాడు. చంపడానికి వచ్చినవాడు బోర్డు చదవడు.

సరస్వతీ_గార్లాండ్:
అలెన్_వాసి గారు చెప్పిన రెండు ఘటనలూ నిజమే. కానీ 2019 ఆగస్టు 3న 23 మంది ప్రాణాలు తీసిన కాల్పులు ఎల్ పాసోలో జరిగింది, లైసెన్సుదారులు లోపల తుపాకీ ఉంచుకోవడానికి అభ్యంతరం చెప్పని వాల్‌మార్ట్‌లోనే. అనుమతి అక్కడ కాపాడలేదు, నిషేధం గ్రీన్‌వుడ్‌లో అడ్డుపడలేదు. అందువల్ల సామూహిక హత్యలను అడ్డం పెట్టుకొని ఈ ప్రశ్నను తేల్చబోతే ఎటూ తేలదు. మామూలు శనివారం నాడు, బిల్లింగ్ దగ్గర పిల్లలు, బండ్లు, బియ్యం బస్తాలు కిక్కిరిసి ఉన్న వేళ ఏం జరుగుతుందో ఆలోచించాలి.

2014 డిసెంబరు 30న ఐడహోలోని హేడెన్ వాల్‌మార్ట్‌లో ఒక తల్లి పిల్లలతో సరుకులు కొంటున్నారు. ఆమెకు లైసెన్సు ఉంది. తుపాకీ కోసమే ప్రత్యేకంగా కుట్టిన జిప్పు అర ఉన్న చేతిసంచి ఆమెది; భర్త క్రిస్మస్‌కు కానుకగా ఇచ్చినది. షాపింగ్ బండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు ఆ జిప్పు తీసి, చేతికి అందిన పిస్టల్‌తో తల్లిని కాల్చాడు; ఆమె అక్కడే మరణించారు. ఆమె దుర్మార్గురాలు కాదు, చట్టాన్ని మీరినదీ కాదు. మన దుకాణాల్లో హ్యాండ్‌బ్యాగు బండిలో పడేసి, పక్కన పిల్లాణ్ణి కూర్చోబెట్టి, కరివేపాకు ఏరుకోవడానికి నాలుగడుగులు అటు వేసే తల్లులు రోజుకు ఎంతమంది ఉంటారో దుకాణం_భాగస్వామి గారికి నేను చెప్పనవసరం లేదు.

ఇక కాపాడబోయినవారి సంగతి. 2018 నవంబరు 22 రాత్రి అలబామాలోని హూవర్ మాల్‌లో కాల్పులు వినపడగానే, చట్టబద్ధంగా తుపాకీ పెట్టుకున్న 21 ఏళ్ల నల్లజాతి యువకుడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అతడే దుండగుడనుకొని పోలీసులు కాల్చి చంపారు. గందరగోళంలో తుపాకీ పట్టుకున్న గోధుమరంగు మనిషిని పోలీసులు వెంటనే రక్షకుడిగా గుర్తిస్తారన్న ధీమా నాకైతే లేదు.

ఇర్వింగ్_అకౌంటెంట్:
చట్టం సంగతి కొంత చెబుతాను. 30.06 బోర్డు చెల్లాలంటే అందులోని వాక్యం చట్టంలో రాసి ఉన్నట్టే ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. అక్షరాలు కనీసం ఒక అంగుళం ఎత్తుతో, వెనుక రంగుకు భిన్నమైన రంగులో, వచ్చేవారికి స్పష్టంగా కనిపించాలి. అది కూడా లైసెన్సు ఉండి తుపాకీ కనబడకుండా ధరించేవారికే వర్తిస్తుంది. బయటికి కనబడేలా ధరించే లైసెన్సుదారులకు 30.07, లైసెన్సు లేనివారికి 30.05 కింద వేరే నోటీసులు ప్రతి ప్రవేశ ద్వారం వద్దా కావాలి. కంప్యూటర్‌లో తుపాకీ బొమ్మ మీద అడ్డగీత వేసి అంటించిన కాగితాన్ని నమ్ముకోవద్దు. బోర్డు దాటి వచ్చిన లైసెన్సుదారుకు గరిష్ఠంగా 200 డాలర్ల జరిమానా. నోటితో చెప్పాక కూడా కదలకపోతే నేరం పెద్దదై జైలుదాకా వెళుతుంది.

అలెన్_వాసి గారి వాదనలో ఒక లోపం ఉంది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై వచ్చినవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మన దుకాణాలకు వచ్చేవారిలో చాలామంది ఆ వీసాల మీదే ఉన్నారు. మీరు ఆశిస్తున్న సాయుధ రక్షకులు మన బిల్లింగ్ వరుసలో తక్కువే.

మధ్యేమార్గం కావాలంటే 2019 సెప్టెంబరు 3న వాల్‌మార్ట్ చేసినది చూడండి. బయటికి కనబడేలా తుపాకీ తేవద్దని కోరింది. లైసెన్సుతో దాచుకొని వచ్చేవారి జోలికి పోలేదు. 2014లో టార్గెట్ కూడా దుకాణాలకు తుపాకులు తేవద్దని విజ్ఞప్తితోనే సరిపెట్టింది.

అలెన్_వాసి:
వీసా సంగతి ఒప్పుకుంటాను; అయితే గ్రీన్‌కార్డు వచ్చినవారు, పౌరులైనవారు మన వరుసలో ఏటా పెరుగుతున్నారు. రాత్రి పదింటికి దుకాణం మూసి నగదుతో కారు దాకా నడిచే యజమాని తన తుపాకీని ఉంచుకుంటూ, కొనుగోలుదారుణ్ణి మాత్రం వదిలేసి రమ్మనడం నాకు న్యాయంగా తోచదు. పైగా కారులో వదిలిన తుపాకీని అద్దం పగలగొట్టి దొంగ ఎత్తుకుపోతే, అది ఎవరి చేతికి చేరుతుందో ఆలోచించారా?

సరస్వతీ_గార్లాండ్:
కారు దొంగతనం గురించి మీరన్నది సరైన ప్రశ్నే. వచ్చేటప్పుడు ఇంట్లో పెట్టి రావాలన్నదే నా జవాబు. యజమానికీ కొనుగోలుదారుకూ మాత్రం పోలిక కుదరదు. ఆ గోడల మధ్య ఏం జరిగినా జవాబు చెప్పుకోవలసినది యజమాని, రేపు మళ్ళీ అక్కడే నిలబడి బిల్లు కొట్టవలసినది పనివాళ్ళు. దుకాణం_భాగస్వామి గారూ, ముగ్గురు భాగస్వాములు ఏమంటున్నారో రాశారు; బిల్లింగ్ దగ్గర నిలబడే వాళ్ళను ఇంతవరకూ ఎవరైనా అడిగారా?

దుకాణం_భాగస్వామి:
అడగలేదు. ఆదివారం లెక్కలు చూసుకునేటప్పుడు నలుగురు పనివాళ్ళనూ కూర్చోబెట్టి అడుగుతాము. బోర్డు పెట్టినా పెట్టకపోయినా, తుపాకీ కనబడితే వాళ్ళు వాదనకు దిగకుండా మాలో ఒకరిని పిలవాలన్నది మాత్రం ఈ రోజే చెప్పేస్తాము. సరుకు దించే పక్క తలుపులోంచి కూడా కొందరు కొనుగోలుదారులు వస్తుంటారు కనుక, పెట్టేటట్లయితే అక్కడా మరో జత కావాలని అకౌంటెంట్ గారి వివరణతో అర్థమైంది.