పిల్లల ఎగ్జిమా: రాస్తే తగ్గుతోంది, ఆపితే తిరగబెడుతోంది (చర్చ)

పాలమీగడ:
రెండేళ్ల పాప. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. హైడ్రోకార్టిసోన్ 1% (స్టెరాయిడ్ క్రీము) రాస్తే తగ్గుతోంది, మానేస్తే వారం తిరక్కుండా మళ్లీ దురద. రాత్రుళ్లు రక్తం వచ్చేలా గీరుకుంటోంది. ఎందుకిలా? ఎంత రాయాలి? స్నానం రోజూ చేయించవచ్చా? తిండిలో ఏమైనా మానిపించాలా? ట్యూబు మీద "పల్చగా రాయండి" అని ఉంది కదా అని కొంచెమే రాస్తున్నాం.

రాత్రిడ్యూటీ:
ఆ "పల్చగా" దగ్గరే వస్తోంది తంటా అంతా. భయపడి గోరంత రాస్తారు, మంట సగమే ఆరుతుంది, ఆపగానే రాజుకుంటుంది. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు అది సరిపోతుంది. కొలత మీ వేలితోనే తియ్యాలి, పాప వేలితో కాదు. ఆ వయసులో భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యంతా ఉంటే ఒకటిన్నర కొలత, కాలంతా ఉంటే 2. మడతల్లోనే ఉంటే మీ అరచెయ్యి పెట్టి చూడండి, ఒక అరచెయ్యంత మేరకు సగం కొలత. రోజుకొక్కసారి చాలు. ఎరుపు పోయిందని ఆపకండి. వేలితో తడిమితే గరుకు తగలకూడదు, దురద ఉండకూడదు. అప్పటి నుంచి ఇంకో రెండు రోజులు రాసి ఆపాలి.

పొలుసు:
స్టెరాయిడ్ ఎక్కువ రాయమని ఇంత తేలిగ్గా ఎలా చెప్తారండీ? సోరియాసిస్ వాళ్లకు మాత్రలో, ఇంజెక్షన్లో స్టెరాయిడ్ ఇచ్చి ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లంతా చీము పొక్కులు లేస్తాయి. ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి తెలిసే రాశారా?

రాత్రిడ్యూటీ:
మీరు చెప్పింది సోరియాసిస్‌లో నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ అడిగింది పిల్లల ఎగ్జిమా, పైపూత, అందులోనూ బాగా తక్కువ బలం ఉన్నది. రెంటినీ కలిపి ఆ తల్లిని బెదరగొట్టకండి. హైడ్రోకార్టిసోన్ 1% ఎక్కడ, అంకె చిన్నదైనా ఎన్నో రెట్లు బలమైన క్లోబెటసాల్ 0.05% ఎక్కడ!

తెల్లకోటు:
ఏళ్ల తరబడి చర్మవ్యాధుల ఓపీలో ఉన్నవాణ్ణి, ఒక్క మాట. మందు ముందు, మాయిశ్చరైజర్ తర్వాత. శుభ్రమైన చర్మం మీద స్టెరాయిడ్ పడితేనే లోపలికి దిగుతుంది. ముందే జిడ్డు పూస్తే మందు దాని మీదే ఉండిపోతుంది.

గాజుగుడ్డ:
తెల్లకోటు గారూ, వార్డులో నేర్పేది దీనికి తలకిందులు. ముందు మాయిశ్చరైజర్, అది ఇంకడానికి 20–30 నిమిషాలు, ఆ తర్వాతే మచ్చ ఉన్నంత మేర మందు. మీరు చెప్పినట్టు మందు మీద మాయిశ్చరైజర్ రుద్దితే స్టెరాయిడ్ పక్కనున్న మంచి చర్మానికీ పాకుతుంది. మడతల్లో అయితే మరీ.

తెల్లకోటు:
అరగంట ఆగమంటే రెండేళ్ల పిల్ల ఆగుతుందా? ఆచరణలో సాగని సలహా ఎందుకు?

గాజుగుడ్డ:
పిల్ల కూర్చోనక్కర్లేదు. ముందు మాయిశ్చరైజర్ రాసి ఆడుకోనివ్వాలి, పడుకునే ముందు మందు రాయాలి. ఇందులో సాగనిది ఏముంది? ఇళ్లల్లో ఎలా జరుగుతుందో తెలియకుండా ఓపీ బల్ల దగ్గర కూర్చుని చెప్పకండి.

తెల్లకోటు:
మాట జారుతున్నారు.

ఫార్మసీకౌంటర్:
ఇద్దరూ కాస్త ఆగండి. ఏది ముందైతే మేలో తేల్చే గట్టి ఆధారం లేదు. రెండూ ఒకేసారి కలిపి రాయకపోవడం, మధ్య వీలైనంత ఎడం ఇవ్వడం ముఖ్యం. కలిస్తే మందు పల్చబడుతుంది, అంతే. మీరు వరసకోసం కొట్టుకుంటున్నారు గానీ మాయిశ్చరైజర్ ఎంత వాడాలో ఎవరూ చెప్పలేదు. పిల్లలకు వారానికి 250 గ్రాముల నుంచి. నెలకొక చిన్న ట్యూబు కొనేవాళ్లకు ఎగ్జిమా ఎందుకు తగ్గుతుంది? డబ్బాలో వేళ్లు పెట్టకండి, శుభ్రమైన చెంచాతో తియ్యండి, లేకపోతే క్రిములు చేరతాయి. వెంట్రుకలు వాలిన వైపే కిందికి రాయాలి. ఎదురు రుద్దితే కుదుళ్లు మూసుకుపోయి చిన్న చిన్న పొక్కులు వస్తాయి. ఇంకొకటి, పారాఫిన్ ఉన్నవి బట్టలకు, దుప్పట్లకు పట్టేస్తాయి. ఆ బట్టకు నిప్పంటుకుంటే క్షణాల్లో మండుతుంది. పొయ్యి, దీపం, సిగరెట్టు దగ్గరికి పోనివ్వకండి.

పాలమీగడ:
థాంక్సండీ. స్నానం సంగతి? రెండు రోజులుగా మచ్చ మీద పసుపుపచ్చ పక్కు కూడా కడుతోంది.

గాజుగుడ్డ:
రోజూ చేయించండి. గోరువెచ్చని నీళ్లు, 5 నుంచి 10 నిమిషాలు, నురగ సబ్బు వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసెయ్యాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించి అంచులు నున్నగా చెయ్యండి. తేనెరంగు పక్కు, రసి కారడం ఉంటే స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా చేరి ఉండవచ్చు, చూపించండి. ఫ్యూసిడిక్ యాసిడ్ లాంటి పూత ఇస్తే వాళ్లు చెప్పిన రోజులే వాడండి. రెండు వారాలు దాటించి వాడుతూ పోతే క్రిమి ఆ మందుకు లొంగడం మానేస్తుంది.

రాత్రిడ్యూటీ:
పక్కు అన్నారు కాబట్టి ఇది అందరూ చదవాలి. ఒకే సైజులో, పొడిచి గుంట చేసినట్టున్న చిన్న పుళ్లు గుంపుగా లేచి, దురద కంటే నొప్పి ఎక్కువై, జ్వరం వస్తే అది హెర్పిస్ వైరస్ ఎగ్జిమా మీదికి పాకడం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఆ వైరస్‌కు ఇచ్చే మందు ఎసైక్లోవిర్ ఆలస్యం కాకూడదు. కంటి చుట్టూ ఉంటే కంటి డాక్టరు కూడా అదే రోజు చూడాలి. ఇది మామూలు చీము అనుకుని యాంటీబయాటిక్‌తో రోజులు గడపడం చాలా ప్రమాదం.

ఊదారంగు:
రసి కారుతుంటే పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో తడిపితే తొందరగా ఆరుతుంది కదా. కాసిని పలుకులు వేసి

ఫార్మసీకౌంటర్:
"కాసిని పలుకులు" అనకండి దయచేసి! కరగని పలుకు చర్మానికి తగిలితే కాలి పుండవుతుంది. డాక్టరు చెప్తేనే, అదీ 400 మి.గ్రా. బిళ్ల ఒకటి 4 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగాక. రంగు లేత గులాబీ దాటకూడదు. 10–15 నిమిషాలు చాలు. గోళ్లకు ముందే వాసెలిన్ రాయకపోతే గోధుమరంగు పడుతుంది. రసి ఆగగానే మానెయ్యాలి, పొడిబారిన చర్మానికి అది ఇంకా చేటు. బిళ్లను మాత్ర అనుకుని మింగితే గొంతు కాలిపోతుంది, ప్రాణం పోవచ్చు. పిల్లల ఇంట్లో తాళం వేసి పెట్టాలి.

పొలుసు:
మోచేతుల వెనక, మోకాళ్ల ముందు, తలలో, దళసరిగా వెండిరంగు పొలుసు ఉంటే అది ఎగ్జిమా కాకపోవచ్చు, సోరియాసిస్ గురించి కూడా చూపించుకోండి. సోరియాసిస్‌లో గీరుకున్న చోట, దెబ్బ తగిలిన చోట కొత్త మచ్చ లేస్తుంది. మానసిక జబ్బులకు ఇచ్చే లిథియం, బీపీకీ గుండెకూ ఇచ్చే బీటా బ్లాకర్లు, మలేరియా మందులు దాన్ని ఎక్కువ చేస్తాయి. సోరియాసిస్ పూత కాల్సిపోట్రియాల్ వాడే పెద్దవాళ్లు వారానికి 100 గ్రాములు దాటకూడదు, రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దాన్ని సాలిసిలిక్ యాసిడ్‌తో కలిపి రాస్తే పనిచెయ్యదు. పొలుసు రాలడానికి సాలిసిలిక్ వేరే పూట రాయండి.

తెల్లకోటు:
ఎవరూ ఎత్తని విషయం ఒకటి. గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో మామూలుగా ఉన్న మచ్చ ఫంగస్ తామర కావచ్చు. దాని మీద స్టెరాయిడ్ రాస్తే రెండు రోజులు దురద చల్లారుతుంది, లోపల ఫంగస్ బలుస్తుంది, అంచు చెదిరి గుర్తుపట్టడమే కష్టమవుతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన క్రీములు అడిగి కొనుక్కునేవాళ్లకు జరిగేది ఇదే. అంచు నుంచి పొలుసు గీకి మైక్రోస్కోపులో చూస్తే తేలిపోతుంది.

గాజుగుడ్డ:
ఈ విషయంలో మీతో ఏకీభవిస్తాను.

ఊదారంగు:
చామనఛాయ వాళ్లలో ఎరుపు కోసం వెతికితే దొరకదు. ఊదాగానో, బూడిదరంగుగానో, చుట్టుపక్కల కంటే నల్లగానో కనిపిస్తుంది. తడిమి వేడిగా ఉందా, ఉబ్బిందా చూడాలి. తగ్గాక తెల్లబడితే స్టెరాయిడ్ వల్లే అని మానేస్తారు. చాలాసార్లు అది వాపు మిగిల్చిన రంగు తేడానే, నెలల్లో దానంతట అదే కలిసిపోతుంది.

పాలమీగడ:
తిండి గురించి ఎవరూ చెప్పలేదు. ఆపితే తిరగబెట్టడం గురించి కూడా.

రాత్రిడ్యూటీ:
తిరగబెట్టేది చర్మం పైపొర బలహీనత వల్లమ్మా. కొంతమందిలో ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యువులో లోపం ఉంటుంది, తేమ బయటికి పోతుంది, చికాకు పెట్టేవి లోపలికి వస్తాయి. అందుకే మచ్చ లేని రోజుల్లోనూ మాయిశ్చరైజర్ ఆపకూడదు. ఒకే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే, పూర్తిగా తగ్గాక ఆ చోట్లకే వారంలో వరసగా రెండు రోజులు స్టెరాయిడ్ రాసే పద్ధతి ఉంది, డాక్టరుని అడగండి. తిండి విషయంలో, తిన్న నిమిషాల్లో పెదాలు వాచడం, దద్దుర్లు, వాంతి ఉంటే వెంటనే చెప్పండి. అలాంటివేమీ లేకుండా అనుమానంతో పాలూ గుడ్డూ మానిపిస్తే ఎదుగుదల దెబ్బతింటుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది.

ఫార్మసీకౌంటర్:
రాత్రి గీరుడుకు తడి కట్టు గురించి ఎవరైనా చెప్పండి. పక్కు ఉన్నంతసేపు వద్దనుకోండి.

గాజుగుడ్డ:
అవును, ఇన్ఫెక్షన్ ఉంటే అస్సలు వద్దు. అది తగ్గాక, మాయిశ్చరైజర్ దట్టంగా రాసి, గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గొట్టం లాంటి నూలు కట్టు తొడిగి, దాని మీద పొడిది ఇంకొకటి. కింద స్టెరాయిడ్ ఉంటే చాలా ఎక్కువగా లోపలికి దిగుతుంది, కాబట్టి మొదటిసారి నర్సు దగ్గరే కట్టించుకుని నేర్చుకోండి. పాప వణుకుతుంటే వెంటనే విప్పెయ్యాలి.