చికసా చట్టసభ, చికసా గవర్నర్: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: పిల్లల పత్రిక కోసం అమెరికా మూలవాసులపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఒక్లహోమాలోని టిషమింగోలో చికసా అనే మూలవాసుల పాత ప్రభుత్వ భవనం ఉంది. ఇంగ్లీషులో దాని పేరు ‘చికసా నేషనల్ క్యాపిటల్’ (Capitol). దాన్ని ‘చికసా జాతీయ రాజధాని భవనం’ అన్నాను. గవర్నర్‌ను గవర్నర్‌గానే ఉంచాను. సరిపోతుందా?

జవాబు: రాజధాని ఊరండీ, భవనం కాదు. 1856 నాటి చికసా రాజ్యాంగంలో సెనేట్, ప్రతినిధుల సభ రెండూ ఉన్నాయి కనుక ‘చట్టసభల భవనం’ నయం. ‘జాతీయ’ మాత్రం తీసేయండి, చదివేవారికి వాషింగ్టన్ గుర్తొస్తుంది. ‘చికసా దేశపు’ అనండి.

మరొకరు: దేశమంటే పిల్లలు అట్లాసులో వెతుకుతారు. ‘తెగ’ చాలదా?

జవాబు: సొంత రాజ్యాంగం, కోర్టులు, పన్నులు ఉన్నవారిని తెగ అనడానికి నాకు మనసొప్పదు. ఆంధ్రదేశం, కళింగదేశం అని రాసుకున్నవాళ్లమే కదా మనం! అట్లాసులో దొరక్కపోతే అప్పుడు అసలు కథ చెప్పండి.

నన్నడిగితే చిక్కంతా ‘గవర్నర్’ దగ్గర ఉంది. మన గవర్నరును ఢిల్లీ పంపుతుంది. చికసా గవర్నరును చికసాలే ఎన్నుకునేవారు. ఈ భవనం గవర్నర్ ఆర్.ఎం. హారిస్ హయాంలో లేచింది. గ్రానైటు కూడా ఆయన క్వారీదే. 1898 నవంబరులో ప్రారంభోత్సవం చేశారు. అప్పటికి అయిదు నెలల ముందే, జూన్‌లో, అమెరికా కాంగ్రెసు ఇలాంటి మూలవాసుల ప్రభుత్వాలను రద్దుచేసే దారిలో కర్టిస్ చట్టం చేసింది. దాంతోపాటు అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం చికసా ప్రభుత్వం ముగిసిపోవడానికి 1906 మార్చి 4 గడువు. అంటే గడువు తెలిసీ రాతితో కట్టారు! దాన్ని మొండితనమంటారో, ధీమా అంటారో మీ ఇష్టం.

1906లో మరో చట్టం వచ్చి ప్రభుత్వం పేరును మిగిల్చింది, పెత్తనాన్ని తీసుకుంది. అప్పటి గవర్నర్ డగ్లస్ జాన్‌స్టన్ 1939లో చనిపోయేదాకా పదవిలోనే ఉన్నారు. ఆ తర్వాతివారిని అమెరికా అధ్యక్షుడే నియమించాడు. 1970లో చట్టం మారాక గాని మళ్లీ ఎన్నిక జరగలేదు. ఈలోగా, 1907లో ఒక్లహోమా రాష్ట్రమయ్యాక, భవనం కౌంటీ కోర్టుగా మారింది. ఆ కౌంటీకి పెట్టిన పేరేమో జాన్‌స్టన్! పేరు చికసా గవర్నరుది, భవనం కౌంటీది. చివరికి చికసాలే దాన్ని తిరిగి కొనుక్కుని మ్యూజియం చేశారు.

ప్రశ్న అడిగినవారు: అయితే మొదటిచోట ‘ఎన్నికైన పాలకుడు, అంటే గవర్నర్’ అని రాస్తాను. మరి 1906 తర్వాతి పేరాలో?

జవాబు: అక్కడ వట్టి ‘గవర్నర్’ చాలు. మనవాళ్లకు వివరణ అక్కర్లేదు.