భద్రతా చార్టుల్లో రెడీమేడ్ క్లిప్ ఆర్ట్ బొమ్మలు పెట్టొచ్చా, మనమే గీయించుకోవాలా?

పల్లె బడి పంతులు:
జనవరిలో రోడ్డు భద్రత కార్యక్రమాలకని మా ప్రాథమిక పాఠశాలకు చార్టులు వేయించాను. అన్నీ నెట్‌లో దొరికే క్లిప్ ఆర్ట్ బొమ్మలే. మధ్యలో ఒక పోలీసు అరచెయ్యి చూపిస్తూ నిలబడ్డాడు. మూడో తరగతి పాపను "ఏం చెబుతున్నాడమ్మా?" అని అడిగితే "దీవిస్తున్నాడు సార్" అంది. తప్పు పాపది కాదు. వాళ్ళింట్లో క్యాలెండర్ మీద లక్ష్మీదేవి, సాయిబాబా అలాగే చెయ్యి చూపిస్తారు కదా.

పక్క బొమ్మ చూశాక ఇంకా భయమేసింది. రోడ్డు దాటబోతున్న పిల్లవాడు ముందు ఎడమవైపు చూస్తున్నాడు. అది అమెరికా బొమ్మ, అక్కడ బండ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. మన దగ్గర అంచు మీద నిలబడితే మొదట వచ్చే బండి కుడి నుంచి వస్తుంది. "ముందు కుడి, తర్వాత ఎడమ, మళ్ళీ కుడి" అని నోటితో నేర్పి, గోడ మీద దానికి ఎదురు చూపిస్తే పిల్లలకు ఏది గుర్తుంటుంది? కింద ఫోన్ బొమ్మ మీద 911 అని ఉంది, అది అమెరికా అత్యవసర నంబరు. మన పిల్లలకు తెలియాల్సింది 112, 108. ఇలాంటి బొమ్మలు బడిలో పెట్టకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

డీటీపీ అన్న:
సార్, పద్దెనిమిదేళ్ళుగా ఫ్లెక్సీలు, చార్టులు చేస్తున్నాను. పొద్దున చెప్పి సాయంత్రానికి కావాలంటారు. ఆర్టిస్టుకి డబ్బులు ఎవరిస్తారు? ఒకప్పుడు వర్డ్‌లోనే క్లిప్ ఆర్ట్ ఉండేది, 2014 చివర్లో మైక్రోసాఫ్ట్ తీసేసింది. అప్పటి నుంచి నెట్‌లో ఏది దొరికితే అది పెడుతున్నాం. కుడి ఎడమల తేడా అయితే ఫ్లిప్ కొడితే సరి, ఒక్క క్లిక్ పని.

పల్లె బడి పంతులు:
ఫ్లిప్ కొట్టిన చార్టు కూడా నా దగ్గరుంది తమ్ముడూ. పిల్లవాడు కుడికి తిరిగాడు, నిజమే. కానీ వెనక నిలబడ్డావిడ చేతిలోని ఎర్ర బోర్డు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. అసలు ఆ బోర్డు పట్టుకుని పిల్లల్ని దాటించే మనిషిని మా మండలంలో ఏ బడి దగ్గరా నేను చూడలేదు. ఇంకో బొమ్మలో పసుపు బస్సు పక్కనుంచి స్టాప్ పలక బయటికి రాగానే రెండువైపులా బండ్లు ఆగిపోయాయి. అక్కడ చట్టమే అది. ఇక్కడ ఆ బొమ్మను నమ్మి మా పిల్లవాడు బస్సు ముందు నుంచి పరిగెత్తితే ఎవరు ఆగుతారు? నా దిగులంతా దాని గురించే.

న్యూజెర్సీ అమ్మ:
పంతులుగారు చెప్పింది నిజమండీ. ఇక్కడ మా అబ్బాయి బస్సు దిగుతుంటే కార్లన్నీ ఆగుతాయి. పోయిన సెలవుల్లో విజయవాడ వచ్చినప్పుడు వాడు అలవాటుగా ఎడమవైపు చూసి రోడ్డు మీద అడుగేశాడు. మా నాన్నగారు చొక్కా పట్టి వెనక్కి లాగారు. ఒక బైక్ మా అబ్బాయి మోచేతికి తగిలేంత దగ్గరగా వెళ్ళింది.

ఫ్యాక్టరీ సేఫ్టీ:
నేను కొంచెం విభేదిస్తాను. ఎవరికి తోచిన బొమ్మ వాళ్ళు గీసుకుంటే మా దగ్గర ప్రాణాలు పోతాయి. మా ప్లాంటులో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికులే ఎక్కువ, తెలుగు చదవలేరు. అందుకే ఐఎస్‌ఓ 7010 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని భద్రతా గుర్తులు పెడతాం. ఎర్ర వృత్తానికి అడ్డగీత ఉంటే వద్దని, నీలం వృత్తమైతే తప్పనిసరని, పసుపు త్రికోణమైతే జాగ్రత్తని అర్థం. బయటపడే దారి చూపించే ఆకుపచ్చ బొమ్మలో పరిగెత్తే మనిషి జపాన్ డిజైనర్ యుకియో ఓటా గీసిన రూపం నుంచి వచ్చినవాడే. బయటి బొమ్మ అని దాన్ని తీసేస్తామా?

అయితే క్లిప్ ఆర్ట్‌ని మాత్రం నేనూ నమ్మను. ఒక కాంట్రాక్టర్ గేటు దగ్గర హెల్మెట్ బొమ్మ మీద ఎర్ర అడ్డగీత పెట్టించి, కింద తెలుగులో "లేకుండా రావద్దు" అని రాయించాడు. కొత్తగా చేరిన కుర్రాడు బొమ్మ చూసి, పెట్టుకున్న హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని లోపలికొచ్చాడు. ఆ బొమ్మ చెప్పినట్టే చేశాడు పాపం. అక్కడ ఉండాల్సింది నీలం వృత్తంలో హెల్మెట్ పెట్టుకున్న తల.

డీటీపీ అన్న:
హెల్మెట్ మీద అడ్డగీత బొమ్మ నేనూ చాలామందికి వేసిచ్చాను సార్. ఇప్పుడు చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. పాత ఫైళ్ళు ఇవాళే తీసి చూస్తాను.

పల్లె బడి పంతులు:
సేఫ్టీ సార్ మాట ఒప్పుకుంటాను. గుర్తులు ఎక్కడైనా ఒక్కలాగే ఉండాలి, వాటిని నేను ముట్టుకోను. నా గొడవ మనుషుల బొమ్మలతోనే. నిన్న ఐదో తరగతి పిల్లలతో మా బడి ముందు రోడ్డే గీయించాను. రావిచెట్టు, కిళ్ళీ కొట్టు, ఇసుక ట్రాక్టరు అన్నీ వచ్చాయి. పోలీసు అరచేతికి ఎదురుగా ట్రాక్టరు ఆగినట్టు, డ్రైవరు బ్రేకు మీద కాలు బిగించి వెనక్కి వాలినట్టు వేశారు. మూడో తరగతి పాపను పిలిచి మళ్ళీ అడిగాను. "ట్రాక్టరు మామను ఆగమంటున్నాడు సార్" అంది.

డీటీపీ అన్న:
ఆ బొమ్మ ఫొటో తీయకండి సార్, నీడ పడుతుంది. కాగితమే పంపండి, స్కాన్ చేస్తాను. మూడడుగులకు నాలుగడుగులు సరిపోతుందా?