అదనపు పనుల బిల్లు, ఆలస్యానికి కోత: ఎవరి లెక్క నిలబడుతుంది?

ఇల్లు కట్టే పనిలో మధ్యలో కొన్ని మార్పులు అడిగాం. కాంట్రాక్టర్ సరేనన్నారు, రేటు తర్వాత చూద్దామన్నారు. ఇప్పుడు ఫైనల్ బిల్లులో వాటికి విడిగా డబ్బు అడుగుతున్నారు. గడువు దాటినందుకు ఒప్పందం ప్రకారం కోత వేస్తామంటే, ఆలస్యం మీ మార్పుల వల్లేనంటున్నారు. కొంత నిజమే. కానీ వాళ్ల కూలీలు రాని రోజులూ తక్కువేం కాదు!

ఇలా కారణాలు రెండు వైపులా కలిసిపోతే ఏ రోజులు ఎవరి ఖాతాలో వేస్తారు? వాట్సాప్ మెసేజ్‌లు, సైట్ డైరీ, కొలతల పుస్తకం... వీటిలో మధ్యవర్తులు దేన్ని ఎక్కువగా నమ్ముతారు? స్లాబు కారుతోందని రిటెన్షన్ సొమ్ము (లోపాలు సరిచేస్తారన్న హామీగా బిల్లుల్లోంచి పట్టి ఉంచే డబ్బు) కూడా ఆపాం. రిపేరు అయ్యేదాకా మొత్తం ఆపవచ్చా, లేక దానికయ్యే ఖర్చు మేరకేనా? కోర్టుకెక్కే ముందు ఇద్దరికీ సంబంధం లేని ఇంజినీరుతో కొలతలు వేయించి తేల్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.