కోనసీమలో మొదటి టెలిస్కోపు: 70 ఎంఎం లెన్సుదా, 114 ఎంఎం అద్దందా?

ముమ్మిడివరం_నాన్న
నమస్తే అండి అందరికీ. మా అమ్మాయి ఏడో క్లాసు, చందమామ చూడాలి గురుడు చూడాలి అని ప్రాణం తీసేస్తోంది. బడ్జెట్ పన్నెండు వేలు, ఇంకో వెయ్యి అటూ ఇటూ. రెండు నచ్చాయి: ఒకటి 70/700 రిఫ్రాక్టర్ (లెన్సుది, 70 ఎంఎం వెడల్పు, 700 ఎంఎం ఫోకల్ లెంగ్త్), మామూలుగా పైకీ కిందకీ పక్కకీ తిరిగే స్టాండు. రెండోది 114/900 రిఫ్లెక్టర్ (అద్దంది), దానికి బరువు వేలాడే ఈక్వటోరియల్ స్టాండు. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది రిఫ్లెక్టరే కొను బావా లెన్సుది బొమ్మ అంటాడు. ఇంకో షాపులో 60 ఎంఎంది చూశా, డబ్బా మీద 525 రెట్లు అని ఉంది, మరి అదే ఎక్కువ కదా? మాది డాబా ఇల్లు, మూడు పక్కలా కొబ్బరి చెట్లు, నాలుగో పక్క రొయ్యల చెరువులు, రాత్రంతా లైట్లే. చెప్పండి.

పాలకొల్లు పంతులు
ముందు ఆ 525 సంగతి తేల్చేద్దాం. ట్యూబు ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం) 700, దాన్ని 4 ఎంఎం ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు) భాగిస్తే 175, దానికి 3 రెట్ల బార్లో (రెట్లు పెంచే అదనపు లెన్సు) తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు, చూసేవాడికి కనిపించేది మాత్రం మసక. ఎన్ని ఎంఎం లెన్సో దానికి రెట్టింపు వరకే పనికొచ్చే మాగ్నిఫికేషన్ అని ఒక మోటు లెక్క ఉంది, అంటే 60కి 120, 70కి 140. డబ్బా మీద రెట్లు పెద్దక్షరాల్లో వేశాడంటే అక్కడే వదిలేయండి.

నా ఓటు 70/700కే. 25 ఎంఎం ఐపీస్ పెడితే 28 రెట్లు, చందమామ మొత్తం ఫ్రేములో పట్టేస్తాడు. 10 ఎంఎం పెడితే 70 రెట్లు, గురుడి మీద రెండు పట్టీలు, పక్కన నాలుగు చందమామలు (అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో), శనికి ఉంగరం, శుక్రుడి కళలు అన్నీ వస్తాయి. గెలీలియో 1610లో ఆ నాలుగింటినీ చూసింది ఇరవై రెట్ల గొట్టంతోనే, దాని లెన్సు మీ 70 ముందు చాలా నాసి. ముఖ్యమైంది ఏంటంటే డాబా మీదకి ఎత్తుకెళ్ళి కింద పెడితే రెండు నిమిషాల్లో రెడీ, అద్దాలు సరిచేసే గోల లేదు. ఏడో క్లాసు పిల్ల నాన్నని లేపకుండా తనే వాడుకోగలదు.

కాకినాడ_114
పంతులు గారంటే గౌరవమే గానీ సగం చెప్పి సగం వదిలేశారు. 114కి 70 కన్నా వెలుగు పోగేసే వైశాల్యం రెండున్నర రెట్ల పైనే, మధ్యలో అడ్డొచ్చే చిన్న అద్దం తీసేసినా పెద్ద తేడా రాదు. వివరం చూసుకున్నా 70 విడదీసేది 1.66 ఆర్క్ సెకండ్ల (ఒక ఆర్క్ సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు) వరకు, 114 ఒకటి వరకు దిగుతుంది. గురుడి పట్టీల్లో గరుకుతనం, శని ఉంగరంలో కసీనీ గీత (ఉంగరం మధ్యలో నల్లటి సందు), ఇవన్నీ అక్కడే తేలతాయి. అన్నట్టు శని గురించి ఆశ పెంచకండి. 2025 మార్చిలో ఉంగరం మనకి అంచు వైపు తిరిగింది, అప్పట్నుంచి మెల్లగా విచ్చుకోవాల్సిందే, బాగా విచ్చుకునేది 2032 నాటికి.

పైగా లెన్సు టెలిస్కోపుకి చందమామ అంచున ఊదా రంగు చార కనిపిస్తుంది. రంగు రంగు కాంతి ఒక్కోటీ ఒక్కో చోట ఫోకస్ అవుతుంది కాబట్టి అది తప్పదు. అద్దానికి ఆ జబ్బు లేదు.

అసలు పాయింటు ఇది. మనం ఉన్నది 16న్నర డిగ్రీల అక్షాంశంలో. 2026 జనవరిలో గురుడు మిథునంలో ఉన్నప్పుడు అర్ధరాత్రి వేళకి నడినెత్తికి ఐదారు డిగ్రీల దూరంలోనే ఉన్నాడు. లెన్సుదాన్ని నిట్టనిలువుగా ఎత్తితే ఐపీస్ కిందకి పోతుంది, ట్యూబు వెనక భాగం స్టాండు కాలికి కొట్టుకుంటుంది, పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని మెడ విరుచుకోవాలి. రిఫ్లెక్టర్‌కి ఐపీస్ పైన పక్కనే ఉంటుంది, నిలబడి చూసుకోవచ్చు. ఢిల్లీ వాడికీ మనకీ ఇక్కడే తేడా, యూట్యూబ్ వీడియోల్లో ఈ ముక్క ఎవడూ చెప్పడు.

రొయ్యలచెరువు గట్టు
చెరువు లైట్లకి భయపడకండి అండి. చందమామకీ గురుడికీ లైట్లు అడ్డం కావు, అవి చుక్కల గుంపులు, నెబ్యులాలు (మసక వాయు మేఘాలు) చూసేవాళ్ళ ఏడుపు. మా గట్టు మీద ఏరియేటర్ల మోత, లైట్లు, దోమలు అన్నీ ఉన్నా చలికాలం గాలి ఆడని రాత్రి గురుడు గీసినట్టు నిలబడతాడు. మబ్బు మబ్బుగా పలచని మంచు ఉన్న రోజే బొమ్మ ఎక్కువ నిలకడగా ఉంటుంది, మెరిసిపోతున్న నీలాకాశం రోజు గాలికి ఊగిపోతుంది. మంచుంది కదా అని పడుకోకండి.

మన దగ్గర అసలు శత్రువు చెమ్మ. రాత్రి తొమ్మిది దాటాక డాబా గోడ తడి, కుర్చీ తడి, అలాగే ముందున్న లెన్సు కూడా తెల్లగా పొగబారిపోతుంది, ఆకాశంలో గురుడు కళ్ళకి కనిపిస్తున్నా ఐపీస్‌లో పాల ముద్ద. లుంగీ అంచుతో తుడిచేస్తారు చూడండి, అక్కడ పోయింది లెన్సు, కోటింగు గీతలు పడిపోద్ది. తుడవకూడదు, హెయిర్ డ్రయ్యర్ దూరంగా పెట్టి గోరువెచ్చగా ఊదాలి. ఏసీ గదిలో ఉన్నదాన్ని ఎకాయెకిన బయటకి తెచ్చినా అంతే, తెచ్చిన నిమిషానికే పొగ. సాయంత్రమే వరండాలో పెట్టేయండి. దాచేటప్పుడు సిలికా జెల్ సంచులు వేయండి, లేకపోతే వానాకాలం వెళ్ళేసరికి లెన్సు మీద సాలెగూడులా ఫంగస్.

కాకినాడ_114
గట్టు గారు నా పక్షమే మాట్లాడారు, గమనించారా! రిఫ్లెక్టర్ అద్దం గొట్టం అడుగున ఉంటుంది, మంచు అంత తేలిగ్గా దిగదు.

పాలకొల్లు పంతులు
అద్దానికి మంచు పట్టదు నిజమే, ఉప్పుగాలి పడుతుంది. దాని మీది అల్యూమినియం పూత అంతర్వేది, ఓడలరేవు వైపు ఎన్నాళ్ళు మెరుస్తుందో మీరే చెప్పండి. లెన్సు మంచుకి మందు నల్ల చార్టు పేపరు, ట్యూబు ముందు ఒక జానెడు బయటకొచ్చేలా గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండేస్తే చాలాసేపు కాస్తుంది. ఊదా రంగు చారంటారా, 70 ఎంఎం ఎఫ్/10కి (ఫోకల్ లెంగ్త్ లెన్సు వెడల్పుకి పది రెట్లు) అది సన్నటి దారమంత, ఎఫ్/5 పొట్టి ట్యూబుల్లో అయితే మీరన్నట్టు గోలే.

ఇక ఆ 114తో వచ్చే ఈక్వటోరియల్ స్టాండు. దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలి. ధ్రువుడు మనకి ఉత్తరాన పదహారు పదిహేడు డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అంటే కోనసీమలో నూటికి తొంభై డాబాల మీద కొబ్బరి మట్టల్లో ఉంటాడు. అంచనాగా పెట్టినా చూడటానికి సరిపోద్దంటారు, సరే, కానీ వస్తువు మారినప్పుడల్లా ట్యూబు మెలితిరిగి ఐపీస్ ఒకసారి మీ మీదకి, ఒకసారి ఆకాశంలోకి పోతుంది. పెద్దవాళ్ళకే విసుగు. బండి మీద గతుకుల గట్టు రోడ్డున ఒకసారి తీసుకెళ్తే అద్దాల వరస తప్పుతుంది, తిరిగి స్క్రూలు తిప్పేది ఎవరు, ఏడో క్లాసు పిల్లా?

కాకినాడ_114
ఆ స్టాండు చెత్తే, ఒప్పుకుంటా. అందుకే నేను చెప్పేది 114నే బల్ల మీద పెట్టుకునే డాబ్సోనియన్ తీసుకోమని. ఒక స్టూలు మీద పెట్టి చేత్తో తిప్పుకోవడమే, ధ్రువుడితో పనే లేదు. ఒక్క జాగ్రత్త: గొట్టం అర మీటరే ఉండి స్పెసిఫికేషన్‌లో ఫోకల్ లెంగ్త్ 1000 అని ఉంటే ముట్టుకోవద్దు, లోపల ఇంకో లెన్సు దాచి పొడవు పెంచినవి అవి, చవక రకాల్లో బొమ్మ మెత్తగా వస్తుంది, వరస కూర్చడం కూడా నరకం. అద్దాల వరస సరిచేయడం మాత్రం పిల్లలు మనకన్నా త్వరగా నేర్చుకుంటారు మాస్టారూ, వాళ్ళని తక్కువ అంచనా వేయకండి.

ముమ్మిడివరం_నాన్న
అబ్బో. చర్చ బాగుంది గానీ నాకు ఇంకా తేలలేదండి ఆయ్. మా అమ్మాయి ప్రశ్నలు రెండు: విక్రమ్ ల్యాండర్ కనిపిస్తుందా? సూర్యుడి మచ్చలు చూడొచ్చా? డబ్బాలో చిన్న నల్ల అద్దం, సన్ ఫిల్టర్ అని ఇస్తున్నారట.

వైజాగ్ బాబాయ్
ఆ నల్ల అద్దం వచ్చిన రోజే సుత్తితో కొట్టి చెత్తలో వేయండి. ఐపీస్‌కి బిగించేది అది, వెలుగంతా పోగుపడి వేడెక్కే చోట ఉంటుంది, చూస్తుండగా పగిలితే కన్ను పోతుంది, మళ్ళీ రాదు. సూర్యుడికి ఫిల్టర్ ట్యూబు ముందు భాగాన, లెన్సు మొత్తం కప్పేలా ఉండాలి, అది విడిగా సర్టిఫై చేసినది కొనాలి. పక్కన ఉన్న చిన్న ఫైండర్‌కి (గురి చూసుకునే గొట్టం) కూడా మూత వేయాలి. అది కుదరకపోతే సూర్యుడి జోలికి పోవద్దు.

విక్రమ్ కనపడదమ్మా. చంద్రుడి మీద ఒక ఆర్క్ సెకండు అంటే దాదాపు 1.9 కిలోమీటర్లు, 70 ఎంఎంకి మూడు కిలోమీటర్ల కన్నా చిన్న గొయ్యి తేలడం కష్టం, విక్రమ్ రెండు మీటర్లది. కానీ 2023 ఆగస్టు 23న దిగింది ఎటువైపో చూడొచ్చు, దక్షిణంగా 69 డిగ్రీల దగ్గర, గోతుల మీద గోతులున్న ప్రాంతం. పౌర్ణమి నాడు చూడకండి, ఎండ నెత్తిన పడి అంతా సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. శుక్ల సప్తమి అష్టమి నాడు వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూపించండి, కొండల నీడలు సూదుల్లా పడి ఉంటాయి. ఇంకో రెండు రోజులాగితే కోపర్నికస్ బయటపడుతుంది, 93 కిలోమీటర్ల గొయ్యి, లోపల మెట్లు మెట్లుగా గోడలు, మధ్యలో కొండలు, అవన్నీ 70 రెట్లలోనే తెలుస్తాయి.

ఒక మాట పక్కదారి: మా ఊళ్ళో గొడే వెంకట జగ్గారావు గారు 1840ల్లోనే సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటడం అక్కణ్ణుంచే చూశారు. తెలుగోళ్ళకి ఈ పిచ్చి కొత్త కాదు.

రాజోలు కుర్రోడు
ఇద్దరికీ అడ్డంగా వస్తున్నా. 10x50 బైనాక్యులర్స్ కొనండి, సగం ధర, గురుడి చందమామలు వస్తాయి, గోతులు వస్తాయి, పడవ మీద కొంగల్ని కూడా చూడొచ్చు.

పాలకొల్లు పంతులు
శని ఉంగరం రాదు గదయ్యా కుర్రోడా, చెయ్యి వణుకుతుంది. పిల్ల అడిగింది గురుడు, కొంగ కాదు.

ముమ్మిడివరం_నాన్న
సరేనండి, అయితే ఈక్వటోరియల్ స్టాండు లిస్టులోంచి తీసేశా. 70/700, లేదా 114 బల్ల డాబ్సోనియన్. మా డాబా పిట్టగోడ నడుమెత్తు ఉంటుంది, డాబ్సోనియన్‌ని దాని మీద పెట్టచ్చా? అంగారకుడి కోసం కూడా అడుగుతోంది.

కాకినాడ_114
పిట్టగోడ మీద వద్దే వద్దు, పిల్ల తిప్పబోతే కింద వీధిలో ఉంటుంది. బరువైన చెక్క స్టూలు, కాళ్ళు ఊగనిది. అంగారకుడు 26 నెలలకోసారి ఎదురుగా వస్తాడు, 2027 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు కూడా 14 ఆర్క్ సెకండ్లు దాటడు, ఏ గొట్టంలోనైనా చిన్న నారింజ రంగు బిళ్ళే, ముందే చెప్పేయండి.

పాలకొల్లు పంతులు
లెన్సుది తీసుకుంటే మాత్రం కొట్లో స్టాండు కాళ్ళు పూర్తిగా లాగి, దూరంగా ఉన్న సెల్ టవర్ కొస మీద 10 ఎంఎంతో ఫోకస్ పెట్టి ట్యూబు మీద వేలితో తట్టి చూడండి. రెండు మూడు సెకన్లలో ఊగడం ఆగితే తీసుకోండి. ఆగకపోతే కాళ్ళు సగమే లాగి ఇంకోసారి తట్టండి, అప్పుడూ ఊగితే ఆ పీసు వద్దు. 45 డిగ్రీలది కాకుండా 90 డిగ్రీల డయాగనల్ (ఐపీస్‌ని పక్కకి వంచి పెట్టే ముక్క) ఉందో లేదో కూడా అడగండి, కాకినాడ గారు చెప్పిన ఆ నడినెత్తి గురుడికి అది లేకపోతే ఆయనే గెలిచినట్టు.